బోరు వేశారు సరే, కాగితం ఏదీ?

రైతు సోదరులారా, మీ చేలో ఇప్పటివరకు ఎన్ని బోర్లు వేశారో మీకు గుర్తుంటుంది. వాటికి ఎంత అప్పు అయిందో అంతకన్నా బాగా గుర్తుంటుంది. కానీ ఎన్ని అడుగుల దగ్గర మొరం అయిపోయి రాయి తగిలింది, గ్యాపు ఎక్కడ వచ్చింది, దుమ్ము పోయి తడి ఎక్కడ మొదలైంది అని అడిగితే ఎంతమంది చెప్పగలరు? రాసి పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది? నేను వ్యవసాయ వార్తల కోసం ఊళ్ళు తిరగబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అలా రాసి పెట్టుకున్న రైతును ఒకే ఒక్కణ్ణి చూశాను. ఆయన సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఒక బత్తాయి తోట సంగతి. పోయిన ఎండాకాలం ఆ తోటకు వెళ్ళాను. నాలుగెకరాలు, ఎనిమిదేళ్ళ చెట్లు, మంచి కాపు మీద ఉండాల్సినవి. ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. పాత బోరు పది నిమిషాలు పోసి ఆగిపోతోంది. మళ్ళీ ఊట రావాలంటే గంట ఆగాలి. ఆ రైతు నెల రోజుల్లో మూడు కొత్త బోర్లు వేశాడు. ఒకటి 620 అడుగులు, ఒకటి 700, ఆఖరుది 840.

"మూడిట్ల దుమ్మే లేసింది సారూ. బర్రెలు రెండు పోయినయ్, మిత్తి మిగిలింది" అన్నాడు.

మొదటి పాయింటు కొబ్బరికాయతో చూసే ఆయన పెట్టాడట. తర్వాతి రెండూ మిషను తెచ్చి చూసిన 'జియాలజిస్టు సారు' పెట్టినవి. "కొబ్బరికాయ తప్పయిందంటే ఒప్పుకుంట. మిషను గూడ తప్పయితదా?" అని నన్ను నిలదీశాడు.

నాకు జవాబు తెలియలేదు. నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. తర్వాత తెలిసినవాళ్ళను అడిగాను, దొరికింది చదివాను. తెలిసినంతలో చెబుతున్నాను. మిషను తప్పు కాదు. ఆ మిషను ఎంత లోతు చూడగలదో రైతుకు చెప్పకపోవడం తప్పు. దానికన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. అందులో మనందరికీ వాటా ఉంది.

ఆ మిషను పేరు రెసిస్టివిటీ మీటరు. చూడడానికి పెట్టెలాగా ఉంటుంది. నాలుగు ఇనుప కడ్డీలు ఒకే వరసలో నేలలో పాతుతారు. బయటి రెండు కడ్డీల గుండా భూమిలోకి కరెంటు పంపుతారు. లోపలి రెండింటి మధ్య ఎంత వోల్టేజి వచ్చిందో కొలుస్తారు. దాన్నిబట్టి కింది భూమి కరెంటును ఎంత అడ్డుకుంటోందో లెక్క కడతారు. గట్టి రాయి అయితే ఆ లెక్క ఓమ్ మీటర్లలో వేలల్లో ఉంటుంది. నీళ్ళు పట్టిన మొరం అయితే వందలోపుకు, ఒక్కోసారి ఇరవై ముప్పైకి కూడా దిగుతుంది. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగుతుంది. అట్లా జరుపుతూ, రాసుకుంటూ, పైనుంచి కిందికి పొరలను అంచనా వేస్తారు. ఎండాకాలం నేల మరీ ఎండిపోయి ఉంటే కడ్డీల మొదట్లో ఉప్పునీళ్ళు పోయడం మీరు చూసే ఉంటారు. కొందరు అదేదో పూజ అనుకుంటారు. పూజ కాదు, కరెంటు నేలలోకి బాగా దిగాలని పోస్తారు.

ఇది నిన్న మొన్న వచ్చిన విద్య కాదు. ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లంబర్జర్ 1912లోనే నార్మండీ ప్రాంతంలో నేలలోకి కరెంటు పంపి పొరల తేడా చూశాడు. మనకూ పాతదే. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1949లోనే జియోఫిజిక్స్ శాఖ పెట్టింది. ఉస్మానియాలోనూ ఈ చదువు ఉంది. హైదరాబాదులో 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వచ్చింది. ఎన్జీఆర్ఐ అంటే అందరికీ తెలుసు, ఇప్పుడు మెట్రో రైలు స్టేషనుకు కూడా అదే పేరు. అంటే ఈ శాస్త్రం మన ఇంటి పక్కనే ఉంది. మన చేలోకి రావడానికే దారి దొరకలేదు.

ఇక లోతు సంగతి. దీన్ని మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. బయటి కడ్డీ నుంచి బయటి కడ్డీకి మొత్తం ఎంత దూరం పెట్టారో, అందులో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు వరకే ఆ మీటరు నమ్మదగ్గట్టు చూడగలదు. ఇది మోటు లెక్కే, నేలను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఆ బత్తాయి రైతును వెంటబెట్టుకుని కడ్డీలు ఎక్కడ పాతారో చూపించమన్నాను. చూపించాడు. అంగలు వేసి కొలిచాను. అరవై అంగలు, అంటే మహా అయితే 150 అడుగులు. అందులో మూడో వంతు 50 అడుగులు. ఆ మిషను చూసింది 50 అడుగులు. ఆ సారు చెప్పింది 650 అడుగుల దగ్గర గ్యాపు ఉందని!

నిజంగా 800 అడుగుల లోతు ఆ పద్ధతిలో చూడాలంటే ముప్పావు కిలోమీటరు నుంచి కిలోమీటరు దాకా తీగ పరవాలి. నాలుగెకరాల రైతు చేలో అది సాధ్యమా? పక్కవాడి చేను, ఆ పక్కవాడి చేను, రోడ్డు, చెరువు కట్ట అన్నీ దాటాలి. పరిచారే అనుకుందాం. అంత లోతులో జానెడు మందం గ్యాపు ఉంటే అది ఆ లెక్కలో కనబడదు. చుట్టూ ఉన్న రాతి బలంలో కలిసిపోతుంది. కరెంటు లైను కింద, ఇనుప కంచె పక్కన పెడితే రీడింగు ఇంకా చెడుతుంది. కాబట్టి మీ చేలోకి మిషను తెచ్చినాయన తీగ ఎంత దూరం పరిచాడో మీరే అంగలు వేసి చూసుకోండి. దానికి డిగ్రీ అక్కర్లేదు.

మరి అంత లోతుకు ఎందుకు పోతున్నాం? పైన నీళ్ళు లేవు కాబట్టి. కింద ఉన్నాయా? ఈ ప్రశ్న మీదే ఎన్జీఆర్ఐ వాళ్ళు, ఫ్రాన్సు భూగర్భ పరిశోధకులు కలిసి 1999లో హైదరాబాదులో ఒక ఉమ్మడి కేంద్రం పెట్టి పనిచేశారు. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల ప్రాంతం తీసుకున్నారు. ఆ కాస్త చోట్లోనే అప్పట్లో 700కు పైగా బోర్లు నడిచేవి. మీటర్లు పెట్టారు, బోర్లలోకి పరికరాలు దించి ఏ లోతులో నీళ్ళు లోపలికి వస్తున్నాయో కొలిచారు. ఎండిపోయిన పాత మోట బావుల గోడలు కూడా పరిశీలించారు. నాకు ఆ సంగతి బాగా నచ్చింది. మన తాతలు తవ్విన బావి గోడ కన్నా మంచి పుస్తకం ఏముంటుంది? పొరలన్నీ కళ్ళ ముందే ఉంటాయి.

వాళ్ళు తేల్చింది ఇది. మన గ్రానైటు నేలలో పైన 10 నుంచి 15 మీటర్లు మెత్తబడిన మొరం. దాని కింద 15 నుంచి 20 మీటర్లు పగుళ్ళు పట్టిన రాయి. ఆ కింద పగుళ్ళు పలచబడి గట్టి రాయి. బోరుకు నీళ్ళు ఇచ్చేది ముఖ్యంగా ఆ పగుళ్ళ పొర. అంటే ఆ ప్రాంతంలో మొత్తం కథ 100, 130 అడుగుల లోపలే ఉంది. దాని కింద గ్యాపులు అసలు లేవని కాదు, చాలా తక్కువ. తగిలినా పైనుంచి నీళ్ళు దిగితేనే అవి నిండేది. తొట్టి ఎండిపోయాక కింద గొట్టం ఎంత పొడుగు పెడితే మాత్రం ఏమొస్తుంది? మహేశ్వరంలో నీటి మట్టం అప్పటికే మొరం పొర దాటి పగుళ్ళ పొరలోకి దిగిపోయింది. నిల్వ ఉండే తొట్టి మొరమే. అది ఖాళీ.

ఈ ఫలితాలు విదేశీ పత్రికల్లో అచ్చయ్యాయి. శాస్త్రవేత్తలు మెచ్చుకున్నారు. మంచిదే. కానీ 840 అడుగులు కొట్టించిన బత్తాయి రైతుకు ఆ మాట చెప్పినవాడు లేడు. మహేశ్వరం ఆయనకు ఏమంత దూరం కాదు. బస్సెక్కితే పూట ప్రయాణం.

ఇప్పుడు మన తప్పు దగ్గరికి వస్తాను.

మీటరు చెప్పేది అంకె మాత్రమే. నీళ్ళు పట్టిన మొరానికి వచ్చే అంకె, బంకమట్టికి కూడా రావచ్చు. ఉప్పునీళ్ళు ఉన్నా అంకె దిగిపోతుంది. అంకె ఒకటే, అర్థాలు మూడు. ఏది నిజమో తేలాలంటే పక్కన ఇదివరకే వేసిన బోరులో ఏ లోతున ఏం వచ్చిందో తెలియాలి. దానితో సరిచూసుకుంటేనే అంకెకు అర్థం. అందుకే చదువుకున్న జియోఫిజిక్స్ వాళ్ళు ఎవరైనా ఊళ్ళోకి వస్తే ముందు అడిగే మాట, ఇక్కడ వేసిన బోర్ల వివరాలు ఏవీ అని. మనం ఏం చెబుతాం? "ఏసినం సారూ, పడలే" అంటాం. ఒక్కో ఊళ్ళో వందల బోర్లు. ఒక్కోటి భూమికి చేసిన ఆపరేషను లాంటిది. డబ్బు మనదే, రిపోర్టు మాత్రం లేదు. బండి డ్రైవరుకు రాత్రి తెలుస్తుంది, తెల్లారి ఇంకో ఊరు పోయేసరికి మర్చిపోతాడు.

ఈ విషయంలో డెన్మార్క్ దేశం సంగతి చెప్పాలి. చిన్న దేశం, సుమారు 43 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి నల్లగొండ జిల్లాకు మూడింతలు, అంతే. తాగే నీళ్ళు దాదాపు అన్నీ భూమిలోంచి తోడేవే. పైన వ్యవసాయం ఎక్కువ. ఎరువుల నైట్రేటు నీళ్ళలోకి దిగుతోందని వాళ్ళకు భయం పట్టుకుంది. అక్కడ ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో భూభౌతిక శాస్త్రంతో భూగర్భ జలాన్ని వెతికే ఒక బృందం ఉంది. వాళ్ళు కడ్డీలు పాతే పని లేకుండా, పెద్ద తీగ చుట్టను హెలికాప్టరు కింద వేలాడదీసి భూమిని కొలిచే పద్ధతి తయారుచేశారు. తీగలో కరెంటు పారించి ఠక్కున ఆపేస్తారు. ఆపగానే భూమి లోపల కాసేపు చిన్న చిన్న సుడి కరెంట్లు పుట్టి ఆరిపోతాయి. అవి ఎంత తొందరగా ఆరిపోయాయన్నదాన్ని బట్టి కింద ఇసుకా, బంకమట్టా చెబుతారు. ఈ మధ్య దాన్నే చిన్నది చేసి, చేలలో తిరిగే నాలుగు చక్రాల మోటారు బండి వెనక కట్టి లాగుతున్నారు. మనం గుంటక తోలినట్టే.

1999లో మొదలుపెట్టి 2015 నాటికి ఆ దేశంలో సుమారు 40 శాతం నేలను ఇట్లా కొలిచి పటాలు గీశారు. ఖర్చు ఎక్కడిది? నీళ్ళు వాడుకునే జనం బిల్లులో కొంత రుసుము కలిపి కట్టారు.

నన్ను ఆశ్చర్యపరిచింది హెలికాప్టరు కాదు. అక్కడ బావి తవ్వినవాళ్ళు, బోరు వేసినవాళ్ళు ఏ లోతున ఏం తగిలిందో ప్రభుత్వ భూగర్భ సంస్థకు రాసి పంపాలని 1926లోనే చట్టం చేశారు. దాదాపు వందేళ్ళ కాగితాలు. ఇప్పుడవన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. భూభౌతిక సర్వేల రీడింగులు కూడా అట్లాగే ఒకచోట పెట్టారు. రైతు అయినా, విద్యార్థి అయినా తెరిచి చూసుకోవచ్చు. ఆర్హుస్ విశ్వవిద్యాలయం వాళ్ళు అంత ధైర్యంగా పటం గీయగలిగారంటే, వెనక ఆ బోర్ల కాగితాలు ఉండబట్టే.

వాళ్ళ నేల వేరు, మన నేల వేరు అని మీరనవచ్చు. నిజమే. వాళ్ళది ఇసుక, బంకమట్టి. ఆ పద్ధతికి అది బాగా లొంగుతుంది. మన గట్టి రాతిలో సన్నటి పగుళ్ళు చూడడం కష్టం. ఆర్హుస్ వాళ్ళ హెలికాప్టరు పద్ధతిని ఎన్జీఆర్ఐ, కేంద్ర భూగర్భ జల మండలి కలిసి పదేళ్ళ కిందటే మన దేశంలోనూ ఆరు చోట్ల పరీక్షించాయి. కర్ణాటకలోని తుమకూరు అందులో ఒకటి, అది మనలాంటి రాతి నేలే. 2021లో రాజస్థాన్, గుజరాత్ వైపు పొడి ప్రాంతాల్లో హెలికాప్టరు సర్వే పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. రేపు మన జిల్లా మీదికీ రావచ్చు. వచ్చినప్పుడు జనం మిద్దెలెక్కి చూస్తారు, మా పత్రికల్లో ఫోటోలు వేస్తాం. కానీ కింద ఒక్క బోరు వివరం కూడా లేకపోతే పైనుంచి తెచ్చిన అంకెలను దేనితో సరిచూస్తారు?

మనవాళ్ళ చేత రాయించడం కాని పని అనేవాళ్ళు ఉన్నారు. అది అబద్ధమని మన జిల్లాలోనే తేలింది. 2000 తర్వాత మొదటి పదేళ్ళలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం ఉమ్మడి రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో నడిచింది. 638 ఊళ్ళు. నల్లగొండ, మహబూబ్‌నగర్, అనంతపురం, ప్రకాశం అందులో ఉన్నాయి. రైతులు, ఆడవాళ్ళు కూడా, బోర్లలోకి టేపు దించి నీటి మట్టం కొలిచారు. వానను కొలిచారు. ఊరి గోడ మీద బోర్డు రాశారు. యాసంగికి ముందు కూర్చుని, ఊరి కింద ఇన్ని నీళ్ళున్నాయి, ఇన్ని ఎకరాల వరి పెడితే ఇన్ని పోతాయి అని లెక్క కట్టారు. ఏ డిగ్రీలు చదివారని? పథకం గడువు తీరింది. అది నేర్చుకున్న మనుషులు ఊళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళను మళ్ళీ పిలిచే ఆఫీసు లేదు.

చట్టం లేదా అంటే ఉంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, వాల్టా అంటాం. బోరుకు అనుమతి తీసుకోవాలి, బండిని రిజిస్టరు చేయించాలి అని అందులో ఉంది. నేను తిరిగిన ఊళ్ళలో అనుమతి కాగితం ఉన్న బోరే అరుదు, ఇక లోతు వివరాల కాగితం సంగతి ఎవరడుగుతారు? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బండి యజమాని ఇచ్చే బిల్లు వెనకే ఆ వివరాలు రాసి సంతకం పెట్టాలి. అది ఇచ్చేదాకా రైతు ఆఖరి పైసా ఇవ్వకూడదు. మిషను తెచ్చినాయన కూడా రీడింగుల కాగితం రైతు చేతిలో పెట్టాలి. నా సొంత అనుభవం ఒకటి. మా ఇంటి చేలో పాయింటు పెట్టినాయన ఫీజు తీసుకున్నాడు, రాయికి సున్నం పూసి పోయాడు. రీడింగులు అడిగితే నీకెందుకు అన్నాడు. డబ్బు నాది, చేను నాది, రీడింగు నాకెందుకట! ఆ బోరు పడింది కాబట్టి అప్పుడు నేనూ ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పేనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ కాగితాలు మండలంలో ఒకచోట చేరాలి. విశ్వవిద్యాలయాల్లో జియోఫిజిక్స్ చదివే పిల్లలు ఏటా ప్రాజెక్టు పనికి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాల్సిందే. మన మండలానికే పంపండి. మీటరు వాళ్ళది, బోర్ల వివరాలు మనవి. రెండూ కలిస్తే ఏ ఊళ్ళో మొరం ఎంత మందం ఉందో, ఎక్కడ బోరు దండగో చెప్పే పటం తయారవుతుంది. కొత్త బోరు పడే చోటు చూపించకపోయినా, పడని చోటు చూపిస్తే చాలు. ఎన్ని కుటుంబాలు అప్పులోంచి బయటపడతాయి!

ఇక్కడ ఒక భయం ఉంది, దాన్ని దాచను. "లెక్క రాసిస్తే రేపు ప్రభుత్వం బోరు బందు చేస్తది, కరెంటుకు మీటరు పెడ్తది" అని రైతులు నాతోనే అన్నారు. భయం ఊరికే రాలేదు. అధికారి కాగితం అడిగినప్పుడల్లా రైతుకు ఏదో ఒక నష్టం జరిగిన రోజులున్నాయి. అందుకని ఆ కాగితం మీద బోరు ఉన్న చోటు, పొరల వివరం, నీటి మట్టం ఉంటే చాలు, ఎవరు ఏ పంట వేశారో, ఎంత తోడారో అక్కర్లేదు. ఆ హామీ ప్రభుత్వం రాతపూర్వకంగా ఇస్తేనే రైతు నోరు విప్పుతాడు. ఇవ్వకపోతే విప్పడు, విప్పమని నేనూ చెప్పను.

చివరకు ఆ రాసి పెట్టుకున్న రైతు సంగతి. పేరు వేయొద్దన్నాడు. స్టార్టరు పెట్టెలో పాలిథిన్ కవరు, అందులో పిల్లల లెక్కల నోటుపుస్తకం. 2009 నుంచి మూడు బోర్లు వేశాడు. ప్రతి బోరుకు ఒక పేజీ. బండి పక్కనే కూర్చుని, ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా ఏం వచ్చిందో తన మాటల్లోనే రాశాడు. ఎర్ర మొరం, తెల్ల మొరం, మెత్త రాయి, తడి దుమ్ము, గ్యాపు, గట్టి రాయి. మూడు బోర్లలోనూ 140 అడుగులు దాటాక గట్టి రాయి తప్ప మరో మాట లేదు. పోయినేడు అన్న కొడుకు పక్క చేలో బోరు వేస్తుంటే ఆ పుస్తకం పట్టుకుపోయాడు. 180 అడుగుల దగ్గర బండి ఆపించాడు. నీళ్ళు పడలేదు. కానీ 800 దాకా పోకుండా ఆగింది. ఆ పిల్లగాడు మిగిలిన డబ్బుతో డ్రిప్పు పైపులు కొన్నాడు, పెదనాన్న... కాదు, బాబాయి బోరు నీళ్ళే పంచుకుంటున్నారు.

ఆ పేజీలు జిరాక్సు తీసుకుంటానని అడిగాను. "తీస్కపో తమ్మీ, గని రేపు పొద్దుగల్ల నాది నాకు తెచ్చియ్యాలె. ఎల్లుండి ఎన్జీఆర్ఐల పన్జేసే పిలగాడు చూస్తనన్నడు" అన్నాడు.